బోల్తా పడని ఆటో

హుమాయున్‌కి మొటిమలు తగ్గి ఏడాది దాటింది. వాటి ఎరుపు మాత్రం బుగ్గల మీద అలాగే ఉండిపోయింది. తిరువూరు బస్టాండు దగ్గర మోటారుసైకిళ్లకు సీటు కవర్లు కుట్టే కొట్టు అతనిది. ఎండ ఎక్కేకొద్దీ మొహం ఇంకా కందిపోయేది. "పొద్దున్నే వేసినట్టున్నావే!" అని కొట్టుకొచ్చినవాళ్లు నవ్వేవారు. అతను చుక్క ముట్టని మనిషి. ఒకరోజు తల్లి మస్తాన్‌బీ ఎదురింటావిడతో "మావాడికి ఆ అలవాటు లేదమ్మా, వాడి ఒళ్లే అంత" అని చెప్పడం అతని చెవిన పడింది. తన మొహానికి అమ్మ సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తోందని ఆ పూట అన్నం సయించలేదు.

మందుల షాపులో ఇచ్చిన క్రీము చాలాకాలం రాశాడు. రాసినన్నాళ్లూ మొహం తేటగా ఉండేది, మానితే మరీ ఎర్రబడేది. చివరికి సీటు కవర్లకు రెక్జిను కొనుక్కొస్తానని ఇంట్లో చెప్పి, విజయవాడ వెళ్లి చర్మం డాక్టరమ్మకు చూపించుకున్నాడు.

"ముందు ఆ క్రీము మానెయ్యండి, అందులో స్టెరాయిడ్ ఉంది" అందావిడ. "మొటిమ మానినచోట సన్నటి రక్తనాళాలు ఉబ్బి ఉండిపోయాయి. క్రీము వాటిని ఇంకా పెంచింది. చర్మం కుదుటపడ్డాక లేజర్ చేద్దాం. ఒక్కసారితో తగ్గదు. మొత్తం పోతుందని కూడా మాటివ్వలేను."

క్రీము మానిన కొత్తలో మొహం మంటలెత్తిపోయింది. రుమాలు కట్టుకునే కొట్లో కూర్చున్నాడు. అది చల్లారాక మళ్లీ రెక్జిను పేరు చెప్పి బస్సెక్కాడు. కళ్లకు అడ్డం పెట్టి, బుగ్గల మీద లేజర్ కొట్టారు. ఒక్కో దెబ్బా రబ్బరు బ్యాండు సాగదీసి వదిలినట్టు చురుక్కుమంది. వారం పదిరోజులు ఊదారంగులో కమిలినట్టుంటుందనీ, ఎండ తగలనివ్వొద్దనీ డాక్టరమ్మ చెప్పింది.

తిరువూరులో బస్సు దిగి, ఎప్పటిలాగే ఏడుకొండలు షేర్ ఆటోలో ఇంటికి వచ్చాడు. దారిలో ఏడుకొండలు అద్దంలో చూసి "మొహానికేమైంది, తమ్ముడూ?" అన్నాడు. "ఏం లేదన్నా" అని రుమాలు పైకి లాక్కున్నాడు.

ఇంట్లో రుమాలు తీయక తప్పలేదు.

"యా అల్లా! ఎవరు కొట్టార్రా?" అంది మస్తాన్‌బీ.

మగవాడై ఉండి అందం కోసం వైద్యం చేయించుకున్నానని చెప్పడానికి నోరు రాలేదు. "ఎవరూ కొట్టలేదమ్మా. ఆటో బోల్తా పడింది" అన్నాడు.

"ఏడుకొండలుదేనా?"

హుమాయున్ కాదనలేదు.

మర్నాడు కొట్టు తెరవకుండా పడుకున్నాడు. మస్తాన్‌బీ ఎటో వెళ్లి, కాసేపటికి రొప్పుతూ వచ్చింది. "ఆటోస్టాండుకెళ్లి నలుగురిలో కడిగేశాను. నా బిడ్డని పడేసి, ఆసుపత్రికి కూడా తీసుకెళ్లడా? వాడు నోరెత్తలేదు. రోజూ గంపలగూడెం వెళ్లే టీచరమ్మలు కూడా దిగిపోయి వేరే ఆటో ఎక్కారు."

హుమాయున్ గబుక్కున లేచాడు. చెప్పులేసుకుని, రుమాలు లేకుండానే స్టాండుకి నడిచాడు.

"అన్నా, నీ ఆటో పడలేదు" అన్నాడు అందరికీ వినపడేలా. "మొహానికి లేజర్ చేయించుకున్నాను. చెప్పడానికి సిగ్గేసి అమ్మ దగ్గర అబద్ధమాడాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఏడుకొండలు నవ్వలేదు.

"నా ఆటో పడలేదని నాకు తెలీదా? నిన్న అడిగాను, ఏం లేదన్నావ్. నీ సిగ్గు దాచుకోడానికి నన్ను దోషిని చేశావు. మీ అమ్మ పెద్దావిడని మాట్లాడకుండా ఊరుకున్నా. లేకపోతే ఏమనేవాణ్ణో."

ఇంటికి వచ్చి తల్లికి అంతా చెప్పాడు. ఆమె దగ్గరికొచ్చి అతని మొహం పరీక్షగా చూసింది.

"లేజరంటే కోతా?"

"కాదమ్మా. వెలుగుతో చేస్తారు."

"నీ మొహంలో నాకే వంకా కనపడలేదు కదరా. నాకు చెప్పుకోడానికేం?"

"నువ్వే ఎదురింటామెకు చెప్పుకుంటున్నావుగా, నేను తాగనని."

మస్తాన్‌బీ తల దించుకుంది. తర్వాత లేచి, కొంగు తలమీదకి లాక్కుని మళ్లీ స్టాండుకి బయల్దేరింది. వద్దన్నా ఆగలేదు. హుమాయున్ వెనకే వెళ్లాడు. "తప్పైపోయింది నాయనా" అంటూ తల్లి తన కొడుకు వయసువాడికి చేతులు జోడించడం అతను చూశాడు. "వద్దు పిన్నిగారూ, వద్దు" అంటూ ఏడుకొండలు ఆమె చేతులు పట్టుకున్నాడు. లేజర్ దెబ్బల కంటే ఆ దృశ్యం ఎక్కువ కాల్చింది. తప్పు చేసింది తను, దండం పెట్టింది అమ్మ.

ఊదారంగు డాక్టరమ్మ చెప్పినట్టే పోయింది. రెండోసారి లేజర్‌కి మస్తాన్‌బీ కూడా వెంట వెళ్లింది. ఈసారి కమిలిన మొహంతోనే హుమాయున్ కొట్లో నీడపట్టున కూర్చున్నాడు. అడిగినవాళ్లకి లేజరనే చెప్పాడు, చెప్పేటప్పుడు మాత్రం చేతిలోని కుట్టు వైపే చూసేవాడు. ఇంకొన్ని విడతలయ్యేసరికి ఎరుపు సగానికి పైగా తగ్గింది. వడగాలి రోజుల్లో ఇప్పటికీ కందుతుంది.

టీచరమ్మలు ఏడుకొండలు ఆటోకి తిరిగొచ్చారు. హుమాయున్‌నీ అతను ఎక్కించుకుంటాడు. కాకపోతే ఒకప్పుడు ఇల్లు చేరేదాకా ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాడు, ఇప్పుడు దారి చూసుకుంటూ నడుపుతాడు. హుమాయున్ దిగి "వస్తానన్నా" అంటే తలాడించి వెళ్లిపోతాడు.