మాట ఇచ్చిన చేనికే మంద చేరింది

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు! నా పేరు బీరయ్య, ఆత్మకూరు దగ్గర కృష్ణ ఒడ్డు పల్లె మాది, తాతల నాటి నుంచి గొర్రెల కాపరులం, ఇప్పుడు ఈ మైకు ముందు నిలబడితే నా కాళ్లు వణుకుతున్నాయి గానీ అది భయం కాదు, సంతోషం! ఒకప్పుడు ఇవే కాళ్లు కల్లు కోసం వణికేవి. అక్కడి నుంచే మొదలుపెడతాను.

మా వైపు కల్లు సంగతి మీకు తెలియనిది కాదు. చెట్టు నుంచి దిగిన కల్లు వేరు, దుకాణంలో మత్తుమందు కలిపి సీసాల్లో పోసేది వేరు. నేను మరిగింది ఈ రెండోదానికి. పొద్దంతా ఎండలో గొర్రెల వెంట తిరిగిన ఒళ్లు నొప్పులకని మొదలైంది, కొన్నాళ్లకు నొప్పి లేకపోయినా కావాలనిపించింది, ఆ తర్వాత అది లేకపోతే నేను మనిషినే కాకుండా పోయాను! ఒక్క పూట దుకాణం మూస్తే చాలు, మెడ వంకర పోయేది, నాలుక తడబడేది, గోడతో మాట్లాడేవాణ్ని, లేని కుక్కల్ని అదిలించేవాణ్ని. ఒకరోజు మత్తులో గట్టు మీద పడి నిద్రపోతే మంద రోడ్డెక్కి, సూడి గొర్రెలు లారీ కింద పడ్డాయి. మర్నాడు పొద్దున నా భార్య అంజమ్మ దొడ్డి వాకిట్లో నిలబడి నా చేతిలోని కట్టె గుంజుకుంది.

"నువ్వు ఇంట్లనే ఉండు. మందను నీ చేతికియ్య."

కాపరి చేతిలోంచి కట్టె పోతే ఇంకేం మిగులుతుంది సహోదరులారా? ఊరంతా చూస్తుండగా నా భార్య మందను తోలుకుపోతుంటే నేను అరుగు మీద కూర్చుని చూసేవాణ్ని, సిగ్గుతో చచ్చిపోయేవాణ్ని, ఆ సిగ్గు మరిచిపోవడానికి మళ్లీ ఆ దుకాణానికే పోయేవాణ్ని! ఆ కట్టె తిరిగి నా చేతికి రావాలి, నా ఏడుపంతా అదే.

ఆ రోజుల్లోనే అంజమ్మ ప్రార్థనకు రావడం మొదలుపెట్టింది, ఆమె వెనక నేనూ వచ్చాను. ప్రతి ఆదివారం అందరికంటే గట్టిగా ఏడ్చి "ఇక ముట్టను ప్రభువా" అని ఒట్టు వేసేవాణ్ని, సోమవారం పొద్దుగూకేసరికి సీసా ముందు ఉండేవాణ్ని. నా ఒట్లు విని మా గొర్రెలు కూడా నవ్వుకునేవేమో! ఒకసారి మాత్రం విశ్వాసముంటే చాలదా అని ఎవరికీ చెప్పకుండా ఒక్కసారిగా మానేశాను, మానేసిన రెండో రోజుకే కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ ఫిట్స్ వచ్చి పడిపోయాను. అంజమ్మ పరుగెత్తి మా పాస్టరయ్యను పిలుచుకొచ్చి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయమని బతిమాలితే ఆయన ఏమన్నారో తెలుసా?

"ముందుగాల దవాఖానకు నడువుండ్రి. ప్రార్థన ఆటోల గూడ చేద్దాం."

ఆటోలో నా తల తన ఒళ్లో పెట్టుకుని ఆయన చేసిన ప్రార్థన నాకు సగం స్పృహలో కూడా వినబడింది. "తండ్రీ, గీ బిడ్డ నీవాడే, ఇప్పుడు సూది వేసే డాక్టరు చెయ్యి గూడ నీదే, జర ఇడిసిపెట్టకు తండ్రీ!" దవాఖానలో ఉంచుకున్నారు, మందులిచ్చారు, అలాంటి కల్లును ఎవరికి వారు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుందని, డాక్టరు చెప్పినట్టే మానాలని గట్టిగా చెప్పి పంపారు. నా మెడ నిలబడింది, నాలుక తిరిగింది, ఆ డాక్టర్లను దేవుడు దీవించును గాక!

అయితే ఒళ్లు బాగైంది గానీ పొద్దు వాలితే పాదాలు మాత్రం దుకాణం దిక్కే తిరిగేవి. ఒక సాయంత్రం పాస్టరయ్య మా దొడ్డికి వచ్చి రాయి మీద కూర్చున్నారు.

"బీరయ్యా, తాగుడు ఇడిసిపెట్టుడు సరే. దేని కోసం ఇడిసిపెడుతున్నవ్? నీకు పాణం లెక్క ఉన్నది ఏంది?"

నేను చేతులు కట్టుకుని బడిపిల్లవాడిలా చెప్పేశాను. ప్రార్థన అన్నాను, వాక్యం అన్నాను, సంఘం అన్నాను, పరిశుద్ధత అన్నాను. ఆయన పడీపడీ నవ్వారు!

"గవన్నీ నేను ఆదివారం చెప్పినయే గదా తమ్మీ! నా మాటలు నాకే అప్పజెప్తున్నవ్. నీయి చెప్పు."

నావంటూ ఏమున్నాయి నాలో? "నాల ఏం మిగల్లే అయ్యగారూ, అంతా కల్లుల పోయింది" అన్నాను. అప్పుడు తల్లి చచ్చిన గొర్రెపిల్లకు అంజమ్మ ఇంకో గొర్రె పాలు తాపుతోంది, తన్నకుండా ఆ గొర్రె మెడను మోకాళ్ల మధ్య పట్టుకుని ఉంది. మా దిక్కు తిరక్కుండానే అందుకుంది.

"అట్లెట్ల అంటవయ్యా? ఎంత తాగినా ఒప్పుకున్న చేనుకు మందను తోలకుండ ఉన్నవా ఎన్నడన్న? నర్సిరెడ్డి పటేలు చేన్ల పెడ్తనన్న నాడు వాన దంచికొట్టె, నువ్వు పడుకుంట లేసుకుంట పోతివి. వద్దంటె మాటిచ్చిన అంటివి. తల్లిలేని పిల్లకు పాలు తాపకుండ నువ్వు బువ్వ తిన్నవా ఎన్నడన్న?"

పట్నం వాళ్లు ఉంటే వాళ్ల కోసం చెబుతాను. కోతలయ్యాక రైతు చేనులో రాత్రికి మా మందను పండబెడతాం, అంటే పడుకోబెడతాం, గొర్రెల ఎరువుతో చేనుకు బలం, మాకు గింజలు. పలానా రోజు వస్తామంటే ఆ రైతు దుక్కి ఆపుకుని మా కోసం చూస్తాడు. కాగితం ఉండదు, సాక్షి ఉండడు, నోటిమాట ఒక్కటే. ఆ మాట తప్పినవాణ్ని మావాళ్లు కాపరి అనరు. నేను అన్నీ చెడగొట్టుకున్నాను గానీ దాన్ని చెడగొట్టలేదు, ఆ సంగతి నాకే తెలియదు సహోదరులారా!

పాస్టరయ్య దిగ్గున లేచి నిలబడితే గొర్రెపిల్లలన్నీ బెదిరి చెల్లాచెదురయ్యాయి. "గిదే బీరయ్యా, గిదే! గిది దేవుడు నీల పెట్టిన విత్తనం, కల్లు గూడ దీన్ని తినలే!" నేను బోరున ఏడ్చాను. నాలో చెడ్డదంతా తీసెయ్యమని దేవుణ్ని ఎన్నోసార్లు అడిగాను, ఆయన నాలో ఏమైనా మంచి పెట్టాడా అని మాత్రం ఒక్కనాడూ అడగలేదు.

ఆ రోజు నుంచి పెద్ద పెద్ద ఒట్లు మానేశాను! పొద్దున్నే అంజమ్మకు ఒకే మాట ఇచ్చేవాణ్ని, పొద్దుగూకేటప్పటికి ఆ తల్లిలేని పిల్ల దగ్గర ఉంటానని. దేవునికీ ఒకే మాట, ఆ ఒక్క రోజుకు కల్లు ముట్టనని. కల్లు దుకాణం పిలిచే వేళా, గొర్రెపిల్ల పాలకు ఏడ్చే వేళా ఒకటే కదా! కొన్ని సాయంత్రాలు ఒళ్లంతా చెమట పట్టి ఆ పిల్లను గుండెకు హత్తుకుని యేసయ్యా యేసయ్యా అంటూ కూర్చున్నాను. ఒకసారైతే దుకాణం మూల దాకా పోయాను, దాచను, పిల్లకు పాలు తాపలేదని గుర్తొచ్చి పరుగున వెనక్కి వచ్చాను! దేవుడు నన్ను గొర్రెపిల్ల చేత ఇంటికి పిలిపించాడు!

ఇక అసలు సంగతి వినండి. వేరుశనగ పీకడం అయ్యాక నర్సిరెడ్డి పటేలు ఫోను చేసి మంద కావాలన్నాడు, ఆ సాయంత్రానికే వస్తామని మాట ఇచ్చాను. కట్టె అంజమ్మ చేతిలో, పిల్ల నా భుజం మీద, అలా పోయాం. మా దిక్కు ఒక పద్ధతి ఉంది. మొదటి సాయంత్రం చేనాయనే కాపరికి కల్లు తెచ్చి తన చేత్తో పోస్తాడు, కాదంటే ఆయన మర్యాద తీసేసినట్టే. మంద ఇంకా పూర్తిగా పండనే లేదు, పటేలు ముంత పట్టుకుని వచ్చాడు.

"చెట్టు కల్లు బీరయ్యా, ఇప్పుడే దింపిచ్చిన. మందు గిందు లేదు. పట్టు."

ఆ వాసనకు నా నోట్లో నీళ్లూరాయి, దేవుని సన్నిధిలో అబద్ధమెందుకు! వద్దు పటేలా అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది.

"నా చేతి కల్లు వద్దంటవా? అయితే మందను లేపుకపో!"

తాగితే దేవునికిచ్చిన మాట పోతుంది, తాగకపోతే పటేలుకిచ్చిన మాట పోతుంది! కళ్లు మూసుకున్నాను. "ప్రభువా, నువ్వూ కాపరివే, నేనూ కాపరినే. నా నోట్ల నువ్వే మాట్లాడు" అన్నాను. కళ్లు తెరిచేసరికి మాటలు వాటంతట అవే వచ్చాయి.

"పటేలా, మంద ఈడ పండుతదని నీకు మాటిచ్చిన. కల్లు ముట్టనని దేవునికి మాటిచ్చిన. ఇయ్యాల ఆయనకిచ్చింది తప్పినోణ్ని, రేపు నీకిచ్చింది తప్పనా? నువ్వు ఎల్లగొడితే పోత. నా అంతట నేనైతే నీ చేను ఇడిసి పోను."

"గా వాననాడు గూడ నువ్వు రావనుకున్న బీరయ్యా. వచ్చినవ్" అన్నాడు పటేలు. ముంతను పక్కన పెట్టి, "మరి ఏం తింటవ్?" అని అడిగాడు. "జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం పటేలా!" అని నేను అరిచిన అరుపుకు పండిన గొర్రెలు కూడా లేచి నిలబడ్డాయి, ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు!

అంజమ్మ వెనకే నిలబడి అంతా విన్నది. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వచ్చి కట్టెను నా చేతిలో పెట్టింది. "నేను పటేలు ఇంటికి పోయి రొట్టెలు తెస్త. మందను జర చూసుకో" అని వెళ్లిపోయింది. నన్నూ మందనూ ఒంటరిగా వదిలి వెళ్లిపోయింది సహోదరులారా! ఆ చేను మధ్యలో కట్టె పట్టుకుని మోకాళ్ల మీద పడి హల్లెలూయ అని ఎంత అరిచానో నా ప్రభువుకే తెలుసు.

వెనక వరుసలో తల దించుకుని కూర్చున్న తమ్ముడా, చెల్లెమ్మా, నీలో కూడా దేవుడు పెట్టింది ఒకటి ఉంది, నీకు కనబడకపోతే నీ ఇంట్లోవాళ్లను అడుగు, దవాఖానకు భయపడకు, ప్రార్థనకు సిగ్గుపడకు, నన్ను వదలని కాపరి నిన్నూ వదలడు! ఆశీర్వాదం కాగానే నేను భోజనానికి కూడా ఆగను, ఈ సాయంత్రానికి ఒక చేనుకు మాట ఇచ్చాను. బయట గోడకు ఆనించి ఉన్న కట్టె నాదే. ఆ వెనక వరుస తమ్ముడు నాతో వస్తానంటే రానివ్వండి, దారి పొడుగునా మాట్లాడుకుంటాం, తల్లిలేని పిల్లలు ఈసారి రెండున్నాయి, ఒకదాన్ని ఎత్తుకోవడానికి నాకు మనిషి కావాలి. దేవునికే మహిమ!