మొక్కు అనుకుని కాళ్లు కడిగిన అవ్వ

రొమ్ము క్యాన్సర్ వచ్చిన పేద ఆడవాళ్ల వైద్యానికి విరాళాల కోసం మా మహిళా మండలి తలపెట్టిన మోర్తాడ్–ఆర్మూర్ నడక ఈ రోజు పూర్తి చేశాం. దారిలో బీడీలు చుడుతున్న ఒక అవ్వ, మేం మొక్కు తీర్చుకోవడానికి పోతున్నామనుకుని పసుపు నీళ్లతో మా కాళ్లు కడిగింది.

“ఏ దేవునికాడికి బిడ్డా?”

రొమ్ము అనే మాట పలకడానికి నాకు నోరు రాలేదు. మా చిన్న చెల్లెలు సుజాత అందుకుంది.

“దేవునికాడికి గాదవ్వా. రొమ్ముల గడ్డ లేసినోళ్ల మందుల కోసం నడుస్తున్నం. నాకు గూడ లేసింది.”

“మరి గీ రోడ్డు మీదేం జేస్తున్నవే? దవాఖానకు నడువు!”

ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. నాకెందుకు చెప్పలేదని సుజాతను అడిగితే, “నీకు జెప్తే పూజల కూసుంటవక్కా. మళ్ల నన్ను దవాఖానకు ఎవలు తోలుకపోతరు?” అంది.

ఆర్మూర్ మార్కెట్ యార్డులో అందరికీ దండలు వేస్తుంటే నేను ఎస్టీడీ బూత్ వెతుక్కుంటూ పోయాను. నిజామాబాద్ డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, సుజాతను రేపు పొద్దున్నే తీసుకురమ్మంది.

ఇంటికొచ్చి దీపం పెట్టాను గాని దాని ముందు కూర్చోలేకపోతున్నాను. ఇంత నడిచినా కాళ్లు ఒకచోట నిలవడం లేదు. సుజాత మాత్రం హాయిగా నిద్రపోతోంది.

మీ చెల్లెళ్లు కూడా అక్కల దగ్గర ఇట్లాగే దాస్తారా? ఈ పూటే అడిగి, ఏమన్నారో నాకు చెప్పండి.