సారెలో వెళ్లిన మొక్క

పాతపట్నం దగ్గర మా తిరుమలరావు జీడితోటలో ఓ మూల వలపందిరి ఉంది. రెండేళ్లు కాగితాలు తిప్పి విదేశం నుంచి తెప్పించుకున్న అరవై అవకాడో అంటుమొక్కలు అందులో క్వారంటైన్‌లో ఉన్నాయి. తెగులేదీ లేదని తేలేదాకా ఒక్క మొక్క గేటు దాటినా మొత్తం తగలబెట్టాలని అధికారులు రాయించుకున్నారు. మందునీళ్ల తొట్టెలో కాళ్లు ముంచలేదని సొంత బావమరిదినే బయట నిలబెట్టిన మనిషి మా వాడు.

“ఏటి మావా, మొక్కలకీ కరోనా వచ్చినాదేటి?” అని ఊరు నవ్వింది.

తనిఖీకి ముందురోజు చూస్తే యాభై తొమ్మిదే ఉన్నాయి. భార్య లక్ష్మీనరసమ్మ ముగ్గు వేస్తూ తలెత్తకుండానే చెప్పింది.

“సారెలో ఎట్టినాను. పిల్ల బిడ్డనెత్తుకుని అత్తోరింటికి ఎల్తంటే అరిసెలూ సలిమిడీ అందరూ ఎడతారు. ఇదైతే నలుగురూ సెప్పుకుంటారని! కాళ్లు మందునీళ్లలో ముంచే ఎల్లినాన్లే.”

తిరుమలరావు కూతురి అత్తవారి ఊరు భావనపాడుకి బస్సెక్కాడు. వియ్యంకుడు చినబాబు వీధిలోనే పట్టుకుని మొక్క చూపించాడు. ఇంటిముందు పాతి, మేకలు ముట్టకుండా పాత వల చుట్టాడు.

“దారిన పోయే పెతోడికీ సూపిత్తన్నాను బావగారూ! ఫారిన్ మొక్క!”

“బాగుంది” అన్నాడు తిరుమలరావు. చేపల పులుసు తిని బాగుందన్నాడు. మనవణ్ని ఎత్తుకుని వాడూ బాగున్నాడన్నాడు. ఆఖరి బస్సు వేళకి చెప్పులేసుకుని, మొక్కకేసి చూస్తూ, అసలు సంగతి బయటపెట్టాడు.

వియ్యపురాలి మొహం ముడుచుకుపోయింది. “ఇచ్చిన సారె పట్టికెల్తే ఈదిలో మా పరువేటి అన్నయ్యగారూ?”

చినబాబు మొక్క చుట్టూ వల విప్పడం మొదలుపెట్టాడు. “మీరు పట్టికెల్లకండి. మేమే సారెట్టి పంపుతాం.”

మర్నాడు పొద్దున్న తోట ముందు ఆటో ఆగింది. చినబాబు దంపతులు దిగారు. వెంట అరటిగెల, లడ్డూల బుట్ట, పసుపుకుంకాలు పెట్టిన మొక్క, దాని చుట్టూ తవ్విన మట్టి ఓ గోనెసంచి నిండా. తనిఖీ అధికారి ఆమని ఇంకా దారిలోనే ఉంది.

“ఖాళీ కుండీలో ఎట్టేయండి బావగారూ, ఎవుడికి తెలుస్తాది?” అని చినబాబు కన్నుగీటాడు.

తిరుమలరావు కుండీ చేతిలోకి తీసుకున్నాడు. పందిట్లో మిగతా మొక్కల్ని చూశాడు. కుండీ మళ్లీ కింద పెట్టేశాడు. ఆమని రాగానే, “ఇదొక్కటీ భావనపాడు ఎల్లొచ్చినాది మేడమ్” అన్నాడు.

ఆమె పందిరంతా తిరిగి ప్రతి ఆకూ తిప్పి చూసింది. అంతసేపూ ఎవరూ లడ్డూ ముట్టలేదు. చివరికి చెప్పింది: తెగులు జాడ లేదు, దాచకుండా చెప్పారు కాబట్టి అన్నీ తగలబెట్టక్కర్లేదు. ఈ మొక్కా, మట్టీ మాత్రం కాల్చెయ్యాలి. మిగతావి ఇంకో ఆరునెలలు ఇక్కడే. భావనపాడులో మొక్క పాతిన గొయ్యి కూడా చూడాలి.

“రండి మేడమ్, బోయినం మా ఇంటికాడే” అన్నాడు చినబాబు.

తోటలోనే ఓ గొయ్యి తవ్వి, మొక్కని దించి, ఎండు జీడాకులు కప్పారు. బొట్టు పెట్టిన మొక్క. అగ్గిపుల్ల గీయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

“ఇలాగియ్యండి. ఎట్టింది నేనే కదా” అని లక్ష్మీనరసమ్మ అగ్గిపెట్టె అందుకుంది. వియ్యపురాలు వెళ్లి ఆమె పక్కన నిలబడింది.