ఏడో పేరాలోని మేడ గది

ఆ ఆఫీసులో అందరూ ఆమెను చాటుగా మార్జినమ్మ అనేవారు. ముఖం మీదే అనే ధైర్యం కొత్తగా చేరిన జూనియర్లకు ఒకటి రెండు రోజులు ఉండేది, తర్వాత దానంతట అదే పోయేది. వకీలుగారు మాత్రం మొదటినుంచీ "అమ్మా" అనే పిలిచేవారు. ఏ కాగితం చేతికిచ్చినా ఆమె ముందు చదవదు, చూస్తుంది. ఎడమ పక్క కుట్టుకు చాలినంత చోటు వదిలారా, పేరాల అంకెలు వరుస తప్పకుండా నిలబడ్డాయా, పేజీ అడుగున ఒక్క లైను దిక్కులేనిదానిలా వేలాడుతోందా, ఇవి చూస్తుంది. అవన్నీ కుదిరాకే, ఓపికుంటే, చదువుతుంది. చాలాసార్లు ఓపిక ఉండదు.

జిరాక్సు కొట్టు వెనకాల ఇరుకు గది. గోడల నిండా ఎర్ర తాడుతో కట్టిన ఫైళ్లు. వాటి మీద దుమ్ము దులిపితే ఎగరదు, చెమ్మకు మడ్డిలా అంటుకుపోయి ఉంటుంది. బల్ల మీద ఎప్పటి జిగురో ఎండి గజ్జిలా పొక్కులు కట్టింది. కీబోర్డు అక్షరాల సందుల్లో నల్లటి జిడ్డు. అది ఎవరిదా అని చూస్తే అంతా తన వేళ్లదే. పొద్దున్నే వచ్చి కంప్యూటరు మీట నొక్కి, అది గుర్రుమని లేచేలోగా ఆమె రోజూ ఒకసారి ముక్కు మూసుకునేది. వాసన ఆ గదిది కాదేమో, అందులో జరిగే పనిదేమో అన్న అనుమానం ఆమెకు ఈమధ్యే మొదలైంది.

దూరాన ఎక్కడో ఒక ఊళ్లో సమాధి రాళ్లు చెక్కేవాళ్ల వీధి ఉంది. అక్కడ రాళ్లు ముందే చెక్కి గోడకు చేరేసి ఉంచుతారు. "ప్రేమమూర్తి, దయామయుడు, బంధువులకు నీడ" అని అంతా సిద్ధం. పైన పేరుకు మాత్రం నున్నగా ఖాళీ. ఆ ఊళ్లో పోయినవాళ్లంతా దయామయులే. వడ్డీ కోసం ఇంటి తలుపులు పీక్కెళ్లినవాడూ దయామయుడే. చచ్చినవాణ్ణి పొగిడితే ఎవరికీ నష్టం లేదు, చూసి నవ్వుకుని పోవచ్చు. మార్జినమ్మ పనీ అదే. తేడా ఏమిటంటే ఆమె చెక్కేది బతికున్నవాళ్ల మీద, అదీ తిట్లు.

ఆ ఆఫీసులో కోర్టు కాగితాల అచ్చులన్నీ ఆమె కట్టినవే. టైపు మిషను పోయి కంప్యూటరు వచ్చిన రోజుల్లో వకీలుగారు, "అమ్మా, రాసిందే రాసి నా చెయ్యి పడిపోతోంది. ఒక్కో రకం కేసుకీ ఒక్కో టెంప్లేట్ కట్టిపెట్టు, పేర్లు మార్చుకుందాం" అన్నారు. ఆమె పాత కేసుల్లో బాగా నడిచినవి ఏరి, పేర్లూ ఊళ్లూ తేదీలూ తీసేసి, ఆ చోట్ల చదరపు బ్రాకెట్లు పెట్టింది. ఇల్లు ఖాళీ చేయించేందుకు ఒకటి, చెల్లని చెక్కుకు ఒకటి, విడాకులకు రెండు. భర్త తరఫున అయితే భార్య అలుగుతుంది, అత్తను ఈసడిస్తుంది, బిడ్డను పట్టించుకోదు. భార్య తరఫున అయితే భర్త తాగుతాడు, కొడతాడు, అనుమానిస్తాడు. బ్రాకెట్లు నింపి ప్రింటు నొక్కడమే తరవాయి. అలా ఈ ఊళ్లో విడిపోయిన మొగుళ్లంతా ఒకే సీసాలోది తాగారు, పెళ్లాలంతా ఒకే అలక అలిగారు.

ఆమె పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "రోజూ టైపు చేస్తున్నాగా, ఇంకా చేసుకోవడం కూడానా" అనేది. కానీ ఇంట్లో పిల్ల లేకపోలేదు. అక్క పోయినప్పుడు అక్క కూతురు చిట్టిని తెచ్చుకుని, చదివించి, కళ్లజోళ్ల కొట్లో పనికి కుదిర్చి, పెళ్లి చేసింది. అల్లుడు మందుల గోదాములో పనిచేస్తాడు. మెత్తటి మనిషి. ఎంత మెత్తనంటే, ఎవరు ఎటు నొక్కితే అటు నొక్కుకుపోతాడు. ఏ విషయమైనా అన్నగారు చెప్పాలి. ఏదో చిన్న మాట మీద అలిగి అన్నగారింటికి వెళ్లినవాడు మళ్లీ రాలేదు. వస్తాడులే అని పిన్నీ చిట్టీ ఎదురుచూస్తూనే ఉన్నారు.

అతను రాలేదు, కోర్టు కవరు వచ్చింది. నిద్రపోతున్న తన పాపను భుజాన వేసుకుని, కవరు చేత్తో పట్టుకుని, చిట్టి మిట్టమధ్యాహ్నం ఆఫీసుకు వచ్చింది.

"పిన్నీ, ఇది చదువు. నేనింత పాడుదాన్నా?"

మార్జినమ్మ అలవాటు కొద్దీ ముందు చూసింది. తన చీర కట్టుకుని ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి వీధిలో ఎదురొచ్చినట్టయింది. శీర్షిక కింద లావు గీత, దాని కింద సన్న గీత. పేరా మొదట్లో తాను మాత్రమే వదిలే ఆ కాస్త ఎక్కువ చోటు. అంకె తర్వాత చుక్క బదులు అడ్డ గీత. కాగితం మాత్రం ఎదురు వీధి వకీలు ఆఫీసుది. ఇక్కడ పనిచేసి అక్కడికి పోయిన ఓ జూనియర్ పెన్ డ్రైవ్‌లో ఏం పట్టుకుపోయాడో ఆమెకు అర్థమైంది.

"ఏడో పేరా చూడు," అంది చిట్టి. తానే చదివింది. "'ప్రతివాది చీటికీ మాటికీ అలిగి, మేడ మీది గదిలో తలుపు వేసుకుని, పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నా దిగివచ్చేది కాదు. కావున బిడ్డను తండ్రికి అప్పగించవలసినదిగా...' పిన్నీ, మా ఇల్లు నువ్వు చూడందా? రెండు గదులు, పైన రేకులు. మేడెక్కడిది? రేకుల మీదికెక్కి తలుపేసుకున్నానా?"

అని నవ్వింది. నవ్వు మధ్యలోనే ముఖం ముడుచుకుపోయింది. "మేడ సంగతి సరే. బుడ్డదాన్ని లాక్కుంటారటే పిన్నీ. అదెలా?"

ఆ మేడ మార్జినమ్మకు తెలుసు. చాలా ఏళ్ల కిందట ఒక బట్టల వ్యాపారి కేసు. ఆయనకు నిజంగానే మేడ ఉంది, మేడ మీద గది ఉంది, ఆయన భార్య అందులో తలుపు వేసుకునేది నిజమే. ఎందుకు వేసుకునేదో మాత్రం ఆ పేరాలో లేదు. ఆవిడ చెయ్యి విరిగిన సంగతి ఎదుటివాళ్ల కాగితంలో వచ్చింది, అదీ కోర్టు నమ్మలేదు. ఆ కేసు బాగా నడిచింది కాబట్టి అచ్చు దానితోనే కట్టారు. పేరుకు బ్రాకెట్టు పెట్టింది, ఊరికి పెట్టింది, తేదీకి పెట్టింది. గది కూడా ఒక మనిషిదేనని ఆమెకు తట్టలేదు. అప్పట్నుంచీ ఎన్ని కాపురాలు ఆ గదిలోకెక్కి తలుపేసుకున్నాయో. పూరిపాక వాళ్లూ ఎక్కారు. సైకిలు షాపు వెనక ఒక్క గదిలో ఉండేవాళ్లూ ఎక్కారు. ఎవరూ చదవలేదు. చదివినా అడగలేదు.

"చిట్టీ, ఇవి ఆయన మాటలు కావే," అంది. "ఇది అచ్చు. నేను కట్టిందే. పేర్లు మార్చి వాడుకుంటారు. మీ ఆయన నిన్ను ఇంతింత మాటలని ఉండడు."

ఊరడిల్లుతుందనే చెప్పింది. చిట్టి పిన్ని వంక చూసింది, తర్వాత కాగితం వంక చూసింది. పాపను బల్ల పక్క కుర్చీల్లో పడుకోబెట్టి ఫోను తీసింది.

"ఏవండీ, నేను మేడ మీద గదిలో తలుపేసుకునేదాన్నని రాశారు."

"ఏ మేడ?" గొంతు బయటికి వినబడుతూనే ఉంది.

"నేనూ అదే అడుగుతున్నా."

"అలా ఉందా అందులో? అన్నయ్య సంతకం పెట్టమన్నాడు, పెట్టాను. అందరికీ అలాగే రాస్తారట. నువ్వేం మనసులో పెట్టుకోకు."

"మీరు చదవలేదా?"

"అన్ని పేజీలు ఎవరు చదువుతారే?"

చిట్టి ఫోను పెట్టేసింది. కళ్లు తుడుచుకోలేదు, అవి వాటంతటవే ఆరిపోయాయి. "తిట్టి రాసినా బాగుండేది పిన్నీ. కోపంతో కూర్చుని, నా తప్పులన్నీ తవ్వి తీసి రాసినా, పోనీ నా గురించి ఓ పూట ఆలోచించాడు అనుకునేదాన్ని. ఇంతా చేసి చదవను కూడా లేదు. బిడ్డను తెమ్మని సంతకం పెట్టాడు, ఏం చెప్పి తెమ్మన్నాడో తెలీదు. థూ!"

పిన్ని తలెత్తలేదు. ఆ "థూ" లో తన వాటా ఎంతో తూచుకుంటున్నట్టు కీబోర్డు సందుల్లోని మకిలి వంక చూస్తూ ఉండిపోయింది.

సాయంత్రం వకీలుగారు కోర్టు నుంచి వచ్చి, కోటు కొక్కేనికి తగిలిస్తూ అంతా విన్నారు. చెడ్డ మనిషి కాదు. పాప బుగ్గ మీద చిటికె వేసి, "మనింటి పిల్ల కేసు, ఫీజు మాటెత్తొద్దు" అన్నారు. ఆపైన, "జవాబు మన అచ్చులో వేసెయ్యమ్మా. తాగుడు పేరా, కొట్టుడు పేరా, రెండూ ఉంచు."

"అల్లుడు తాగడు సార్."

"తాగడని వాళ్లు చెప్పుకుంటారులే."

"సోడా కూడా తాగడు సార్, ముక్కులోకి పోతుందని."

వకీలుగారు నవ్వారు. "నీకు అల్లుడి మీద ముచ్చటగా ఉన్నట్టుంది. చూడమ్మా, ఖాళీ పేజీ మీద రాస్తే ఏదో ఒకటి మరిచిపోతాం. అచ్చులో ఏదీ మరిచిపోం. అందుకే కదా నీచేత కట్టించాను. అవతలివాడు రాయి విసిరితే మనం పువ్వు విసురుతామా?"

"మావయ్యగారూ," అంది చిట్టి. చిన్నప్పటి నుంచీ ఆయన్ను అలాగే పిలిచేది. "ఆయన చేసింది నేనూ చేస్తే ఇంక నాకూ ఆయనకూ తేడా ఏముంది? నేను చెప్తాను, పిన్ని కొడుతుంది. మీరు చూసి సంతకం పెట్టండి. చదివే పెట్టండి."

ఆయన ముఖం కాస్త ఎర్రబడింది. "పిల్ల చెయ్యి జారితే నన్ననకూడదు మరి."

పాప నిద్రలో పళ్లు నూరుతోంది.

మర్నాడు మార్జినమ్మ ఖాళీ పేజీ తెరిచింది. ఎంత కాలమైందో అలాంటిది తెరిచి. తెల్లగా, బోసిగా, ఆసుపత్రి దుప్పటిలా ఉంది. చిట్టి ఒక మాట చెబితే చాలు, వేళ్లు పాత దారి పట్టి పోతున్నాయి. "ఆయన" అంటే "పిటిషనరు" పడుతోంది, "ఇల్లు" అంటే "దాంపత్య గృహము" పడుతోంది. చెరిపి, మళ్లీ కొట్టి, మళ్లీ చెరిపి. లైను మారితే చాలు, కంప్యూటరు తనంతట తానే అంకె వేసి పక్కకు జరిపేస్తోంది. ఛీ అని విసుక్కుని దాని నోరు కట్టేసింది. చివరికి పేజీ నిండింది.

"మా ఇంటికి మేడ లేదు. ఆయన తాగరు, కొట్టరు, చెడ్డవారు కారు. ఎవరు ఏ కాగితం ఇచ్చినా చదవకుండా సంతకం పెడతారు. పాపకు జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేర్చినప్పుడు, పాపకు పడని మందంటూ ఏదీ లేదు అన్న కాగితం మీద అలాగే సంతకం పెట్టారు. ఒక మందు పడదని ఆయనకు తెలుసు. చదవలేదు, అంతే. నేను పక్కనుండి నర్సుకు చెప్పాను. నేను పక్కన లేకపోతే చెప్పేవాళ్లు ఉండరు. అందుకని పాప నా దగ్గర ఉండాలి. ఆయన వచ్చి చూసుకోవచ్చు."

వకీలుగారు చదివారు. రెండుసార్లు చదివి, సంతకం పెట్టారు.

కోర్టులో జడ్జిగారు ఆ పేజీ మీద చాలాసేపు ఉండిపోయారు. ఆయన బల్ల మీద ఆ రోజుకు గుట్ట కాగితాలున్నాయి, అన్నీ ఒకే పోలిక. తర్వాత కళ్లజోడు తీసి అల్లుణ్ణి అడిగారు, "మీ ఇంటికి మేడ ఉందా?"

అల్లుడు వెనక్కి తిరిగి అన్నగారి వంక చూశాడు.

అంతకు మించి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. పాప తల్లి దగ్గరే ఉండాలన్నారు, తండ్రి ఆదివారాలు వచ్చి చూడవచ్చన్నారు. బయట వరండాలో చిట్టి పాపను గట్టిగా హత్తుకుంటే అది ఊపిరాడక గింజుకుంది. అల్లుడు దగ్గరికొచ్చి, "నాకు తెలీదే, నిజంగా తెలీదు" అన్నాడు. "అదే కదండీ," అంది చిట్టి, వెళ్లిపోయింది.

ఆఫీసుకు తిరిగొచ్చాక వకీలుగారు కుర్చీలో వెనక్కి వాలి చేతులు రుద్దుకున్నారు. "బ్రహ్మాండంగా పనిచేసిందమ్మా. నేననుకోలేదు. ఆ ఆసుపత్రి ముక్క ఉంది చూశావూ, అది మాత్రం దాచిపెట్టు. పేర్లు తీసేసి బ్రాకెట్లు పెట్టెయ్. ఏ తల్లికైనా అతుకుతుంది."

"నేను దాచలేదు సార్," అంది మార్జినమ్మ.

ఆయన వెళ్లాక అచ్చుల ఫోల్డరు తెరిచింది. ఉంది. "భార్య జవాబు, చదవని భర్త" అని పేరు కూడా ఉంది. ప్రింటు తీసిన రోజే ఆమె వేళ్లు ఆమెను అడక్కుండా దాచేశాయి. చిట్టి పేరు చోట బ్రాకెట్లు, పాప పేరు చోట బ్రాకెట్లు. జ్వరం మాత్రం అలాగే ఉంది. ఆసుపత్రి, నర్సు, పడని మందు, అన్నీ అలాగే ఉన్నాయి, ముందుముందు పుట్టబోయే పిల్లలందరి కోసం.

చెరిపేసింది. చెత్తబుట్టలోంచి కూడా చెరిపేసింది. చెరిపాక చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక. ఎదుటి పక్షానికి ఇచ్చే రివాజు ప్రకారం ఆ కాగితం నకలొకటి ఎదురు వీధి ఆఫీసుకు పోయే ఉంటుంది. అక్కడా ఓ కీబోర్డు ముందు ఎవరో ఒకావిడ కూర్చునే ఉంటుంది, ఆవిడకూ వేళ్లుంటాయి.