చప్పుడు లేని ఇంజన్

“...చప్పుడే రాకుంటే అది నడుస్తున్నట్టు ఎట్ల తెలుస్తది తమ్మీ? మా బాయి కాడ ఇంజనుండె. వేసిండ్రంటే ఊరంత ఇనబడుతుండె!”

“చాచా, గది డీజిల్ ఇంజను. ఇది పాలసీ ఇంజను. కంప్యూటర్ లోపలుంటది. పొగ రాదు, చప్పుడు రాదు.”

“పొగ రాదు, చప్పుడు రాదు, కంటికి ఆనదు. మరి నువ్వేమో పెట్టినవని నేనెట్ల నమ్మాలె?”

పరదాకు ఇవతల షాహెదా, ఈదమ్మ చేతిని తన ఒళ్లోకి తీసుకుని ఎర్ర గాజులు ఎక్కిస్తోంది. ఈదమ్మ పరదా వైపు మెడ సాచింది.

“మీ మామ ఎవల్ని తిడుతుండు బిడ్డా?”

“తిడుతలేడు పెద్దమ్మా. ఇంజనును పరీక్ష చేస్తుండు. నువ్వు జర చెయ్యి వదులుగ పెట్టు.”

గద్వాల కోట ముందరి బజారులో గులాం రసూల్ గాజుల దుకాణం తెలియని ఆడవాళ్లు లేరు. ముందు గదిలో గాజులు, వెనక గదిలో మూడేళ్ల కిందటి దాకా గాజుల పెట్టెలు, గడ్డి, సుతిలి తాళ్లు. ఇప్పుడక్కడ మూడు కంప్యూటర్లు, వాటి పక్కన బల్ల కింద మూత సరిగా పట్టని ఇంకో పాత కంప్యూటరు, పెద్ద డబ్బా. అది షాహెదా పెట్టించిన నెట్ సెంటరు, ఆడపిల్లలకు మాత్రమే.

షాహెదాది కొల్లాపూర్. మామిడితోటలు గుత్తకు పట్టే ఇంట్లో పుట్టి, వనపర్తిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివింది. సాయంత్రాలు కంప్యూటర్ నేర్చుకుంది. గులాం రసూల్ కొడుకు ఉవైస్‌ను చేసుకుని గద్వాలకు వచ్చాక మాత్రం మొదట నేర్చుకున్నది గాజులు తొడగడమే. బొటనవేలి మొదట్లో ఎముకను ఎలా నొక్కితే చెయ్యి మెత్తబడుతుందో, మాటల్లో పెట్టి నొప్పి ఎలా మరిపించాలో అత్తగారు చూపించింది. ఉవైస్ గంపలు కట్టుకుని బీచుపల్లికీ, శ్రీరంగాపూర్ జాతరకూ తిరుగుతుంటే, దుకాణంలో మామా కోడలూ ఉండేవారు. ఇంట్లో ఉర్దూ, దుకాణంలో తెలుగు. గిరాకీ ముందర వాళ్లకు అర్థం కాని మాట మాట్లాడకూడదన్నది గులాం రసూల్ పెట్టిన పద్ధతి.

చెయ్యి అప్పగించిన మనిషి మనసులో మాట కూడా చెబుతుంది. అట్లా చెప్పిన మాటల్లోంచే నెట్ సెంటరు పుట్టింది. రిజల్టు చూసుకోవాలంటే బస్టాండు దగ్గరి సెంటరుకు పోవాలి, అక్కడ అంతా మగపిల్లలే, పోతే ఎవరో ఒకరు ఇంట్లో చెబుతారు. గాజుల దుకాణానికైతే ఎవరినీ అడగక్కరలేదు. గద్వాలలో ఆడపిల్ల పట్టపగలు ఒక్కతే పోయి, ఎంతసేపు కూర్చున్నా ఎవరూ ఏమీ అనని చోటు అదొక్కటే. అందుకే వెనక గదికి రోడ్డు వైపు తలుపు ఉన్నా షాహెదా తెరవలేదు. అందరూ గాజుల మధ్య నుంచే పరదా తీసుకుని లోపలికి వచ్చేవారు. బోర్డు కూడా లేదు.

కొన్నాళ్లు బాగానే సాగింది. తర్వాత ఊళ్లో వేరే సెంటర్లో ఎవరో చూసి వదిలేసిన పాడు బొమ్మ, తర్వాత కూర్చున్న పిల్లకు ఎదురుగా కనబడింది. ఆ పిల్ల ఏడుస్తూ బయటికొచ్చింది. మాట ఊరంతా పాకింది. పాకుతూ పాకుతూ గాజుల దుకాణం దాకా వచ్చింది. గాజులు కొననివాళ్లు గంటల తరబడి లోపల ఏం చేస్తున్నట్టు? ఆడపిల్లల హాస్టల్ వార్డెన్ లలితమ్మ తన పిల్లల్ని ఆపేసింది. హాస్టల్ పిల్లలు రాకపోతే సెంటరు లేనట్టే.

గులాం రసూల్ కోపం తెచ్చుకోలేదు. కోపం తెచ్చుకుంటే షాహెదాకు కొంత నయంగా ఉండేది. “బేటీ, గాజుల దుకాణం ఇజ్జత్ మీద నడుస్తది. శనివారం లలితమ్మ మేడంను పిలువు. ఆమె సరే అంటే సరే. లేకుంటే ఆ గదిల మల్ల పెట్టెలు పెట్టుకుందం” అన్నాడు.

అందుకే వనపర్తి నుంచి శ్రవణ్ కుమార్ వచ్చాడు. డిగ్రీలో షాహెదా కన్నా రెండేళ్లు చిన్న, ఇప్పుడు కంప్యూటర్లు బాగుచేస్తాడు. పెద్ద డబ్బాలో అతను ఎక్కిస్తున్న ఇంజను పని ఒక్కటే. మూడు కంప్యూటర్లలో ఎవరు ఏది తెరవబోయినా ముందు దాన్ని అడగాలి. అది నియమాలు చూసి సరే అంటుంది, లేదా కాదంటుంది. ఏ నియమమూ సరే అనకపోతే, కాదనే అర్థం. చదువులు, రిజల్టులు, ఉద్యోగాలు, ఈమెయిలు ఉత్తరాలు సరే. ఆ నియమాలన్నీ షాహెదా కూర్చుని రాసింది. ఒక్కటి మాత్రం గులాం రసూల్ చెప్పింది. దుకాణం మూసినప్పటి నుంచి తెల్లారి తెరిచేదాకా ఏదీ తెరుచుకోకూడదు.

“రాత్రిపూట లోపల ఎవరుంటరు అబ్బాజాన్?” అంది షాహెదా.

“ఎవరుండరు. అందుకే తెరుచుకోవద్దు.”

శుక్రవారం సాయంత్రానికి పని అయింది. ఈదమ్మ వెళ్లాక షాహెదా లోపలికి వచ్చి కూర్చుంది. యూనివర్సిటీ పేజీ తెరిచింది, వచ్చింది. సినిమా పాటల పేజీ తెరిచింది. తెర మీద తెల్లటి పలక, మధ్యలో ‘అనుమతి లేదు’ అన్న మాట. శ్రవణ్ మీటలు నొక్కి పెద్ద డబ్బాను ఆపి, మళ్లీ మొదలుపెట్టాడు. ఇంజను దానంతట అదే లేచి, ‘ప్రారంభమైంది’ అని ఒక వరుస రాసింది. మళ్లీ ఆపాడు, మళ్లీ లేచింది.

“చూసినవా అక్కా? పడుకోబెట్టినా లేస్తది. గీ వరుస కనబడ్డదంటే నడుస్తున్నట్టే” అని చెప్పి, చీకటి పడకముందే బస్సెక్కాడు.

శనివారం పొద్దున షాహెదా పెద్ద డబ్బా ముందు కూర్చుని ఆ వరుస కోసం చూసింది. ప్రారంభమైంది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. చాయ్ పెట్టి, బల్లల మీద దుమ్ము తుడిచి, పరదా మార్చేసరికి లలితమ్మ వచ్చింది. వెంట హాస్టల్ పిల్ల సుమన. బీఎడ్ ప్రవేశ పరీక్ష రాసి, ర్యాంకు కోసం కాలు నిలవకుండా ఉంది.

లలితమ్మ గదంతా కలియజూసి, కుర్చీ గోడకు జరుపుకుని కూర్చుంది. “కానీయండి. మామూలుగ ఎట్ల చేస్తరో అట్లనే చేయండి. నాకోసం ఏం ప్రత్యేకం వద్దు.”

సుమన యూనివర్సిటీ పేరు కొట్టింది. అనుమతి లేదు.

మళ్లీ కొట్టింది. అనుమతి లేదు. పక్క కంప్యూటర్‌కు మారింది. ఉద్యోగాల పేజీ, ఉత్తరాల పేజీ, ఏది అడిగినా తెల్లటి పలకే.

పరదా పట్టుకుని నిలబడ్డ గులాం రసూల్ ముఖం మెల్లగా విప్పారింది. “వాహ్! ఏదీ తెరుచుకుంటలేదు! మేడం, చూసిండ్రా? ఈగ గూడ దూరదు. నేను ఉత్తగనే ఆ పిల్లగానితోటి కొట్లాడిన.”

లలితమ్మ నవ్వకుండా అంది. “రసూల్ సాబ్, ఏదీ తెరుచుకోవద్దంటే ఇంత తిప్పలెందుకు? బయట తాళమేస్తే సరిపోతది గద.”

షాహెదా ఫోను తీసుకుని గాజుల వైపు వచ్చి శ్రవణ్‌కు చేసింది.

“స్టార్టయిందా అక్కా?”

“అయింది. వరుస వచ్చింది. గని అన్నిటికీ వద్దంటుంది.”

“నిన్న నీ ముందరనే చూసిన గద! నాకేం సమజైతలేదు... అక్కా, పరేషాన్ గాకు. ఇప్పటికి ఇంజను బంద్ చెయ్యి. అన్నీ తెరుచుకుంటయి. ఆ పిల్లకు ర్యాంకు చూపించి పంపు. మేడంకు ఏం తెలుస్తది? నేను సాయంత్రం వచ్చి చూస్త.”

పరదా సందులోంచి లలితమ్మ కనబడుతోంది. చాయ్ ముట్టుకోలేదు. సుమన ఇంకా కొడుతూనే ఉంది. నిజమే, ఒక్క మీట నొక్కితే చాలు. పేజీ వస్తుంది, పిల్ల సంతోషపడుతుంది, మేడం సరే అంటుంది. సోమవారం నుంచి హాస్టల్ పిల్లలు, కాపలా లేని గదిలో, కాపలా ఉందనుకుని కూర్చుంటారు.

“వద్దు తమ్మీ. బంద్ చెయ్య” అని ఫోను పెట్టేసింది.

లోపలికి వచ్చి పెద్ద డబ్బా ముందు కూర్చుంది. ఇంజను నడుస్తోంది. నియమాలు రాసినవి రాసినట్టే ఉన్నాయి. నడుస్తున్నది, నియమాలు తెలిసినది, పట్టపగలు అన్నిటికీ ఎందుకు కాదంటుంది? ఇది కాదనాల్సింది రాత్రిపూట కదా అనుకుంది. అనుకోగానే ఆమె చూపు తెర మూలకు పోయింది. అక్కడ గడియారం అర్ధరాత్రి దాటి కొంచెమే అయిందని చెబుతోంది. తేదీ చూస్తే ఆ డబ్బా తయారైన నాటిది. అప్పటికి షాహెదాకు పెళ్లి కూడా కాలేదు.

“అబ్బాజాన్, రాత్రి మెయిన్ దించినరా?”

“దినాం దించుత గద. టీవీ కాలినప్పటిసంది దించకుండ ఎన్నడన్న ఇంటికి పోయిన్నా? కరెంటు పోయినా దించుత. అది మల్ల ఒక్కసారే గుద్దినట్టు వస్తది.”

ఊళ్లో సగం దుకాణాల్లో చేసేదే. నిన్న శ్రవణ్ డబ్బాను ఎన్నిసార్లు పడుకోబెట్టినా గోడలోంచి కరెంటు దానికి అందుతూనే ఉంది. రాత్రి గులాం రసూల్ మెయిన్ దించాక మాత్రం దాని గడియారాన్ని నడపాల్సింది లోపలున్న సెల్లు. పాత డబ్బా, పాత సెల్లు. అది ఎప్పుడో చచ్చింది. పొద్దున ఇంజను సరిగ్గానే లేచింది, సరిగ్గానే గడియారం చూసుకుంది. దుకాణం మూసే ఉందనుకుని, గులాం రసూల్ మాట తు.చ. తప్పకుండా పాటిస్తోంది.

షాహెదా చెప్పింది విని లలితమ్మ మొదటిసారి నవ్వింది. “అంటే, రసూల్ సాబ్ పెట్టిన కట్టడి, రసూల్ సాబ్ దించిన మెయిన్. మధ్యల ఈ పిల్ల ర్యాంకు.”

“మా ఇంట్ల కోడండ్లందరికన్న ఈ ఇంజనే నా మాట ఎక్కువ ఇంటుంది” అన్నాడు గులాం రసూల్.

“అందరంటే నేనొక్కదాన్నే గద అబ్బాజాన్.”

సుమన అప్పటికే లేచి ఎదురుగా ఉన్న గడియారాల దుకాణానికి పరుగెత్తింది. రూపాయి బిళ్లంత సెల్లు తెచ్చింది. షాహెదా మెయిన్ దింపించి, డబ్బా మూత తీసి, తలలోంచి పిన్ను తీసి పాత సెల్లును పైకి లేపింది. కొత్తది నొక్కింది. గాజును కణుపు దాటించినట్టు, ఒకవైపు వంచి, చిన్నగా లోపలికి. మెయిన్ ఎత్తించి, డబ్బాకు ఇవ్వాళ్టి తేదీ, వేళ చెప్పింది. యూనివర్సిటీ పేజీ వచ్చేసింది. సుమన కుర్చీలోకి దూకబోయింది.

“ఆగు. ఇంకా కాలేదు” అంది షాహెదా. “అబ్బాజాన్, రాత్రి దించినట్టే మల్లొకసారి దించండి.”

“నడుస్తున్న దాన్నా?”

“నడుస్తుందని నిన్న గూడ అనుకున్నం.”

గులాం రసూల్ పోయి మెయిన్ దించాడు. ఫ్యాను గాలి తగ్గుతూ తగ్గుతూ ఆగింది. వెనక గది చీకటైంది. సుమన గోళ్లు కొరుక్కుంటోంది. బజారులో ఎవరో ఉల్లిగడ్డలు అమ్ముతున్న కేక మాత్రం వినబడింది. లలితమ్మ చల్లారిన చాయ్ ఒక గుక్క తాగి, “ఇంకొంచెం సేపుండనీయండి. రాత్రంటే రాత్రి లెక్కనే ఉండాలె” అంది.

తర్వాత మెయిన్ పైకి లేచింది. డబ్బా గురగురమంది. షాహెదా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, ఏ మీటా ముట్టుకోలేదు. వరుస వచ్చింది, ప్రారంభమైంది. ఈసారి ఆమె వరుసను చూసి ఊరుకోలేదు. మూలన గడియారం చూసింది. తన చేతి గడియారం చూసుకుంది. రెండూ కలిశాయి.

“ఇప్పుడు కొట్టు సుమనా.”

పేజీ వచ్చింది. నంబరు కొట్టింది. ర్యాంకు వచ్చింది. సుమన కెవ్వుమన్న కేకకు ముందు గదిలో గాజులు బేరమాడుతున్న ఇద్దరు ఆడవాళ్లు పరదా తీసి తొంగిచూశారు.

“సీటొస్తది మేడం! మహబూబ్‌నగర్‌లనే వస్తది!”

“ఒస్తది, ఒస్తది. జర చెవులు పగలగొట్టకు.” లలితమ్మ పక్క కుర్చీలోకి జరిగింది. “ఇప్పుడు వద్దనేది చూడాలె. నాకు పాడువాటి పేర్లు తెల్వవు. రసూల్ సాబ్, మీరేమన్న అడగండి.”

గులాం రసూల్ గొంతు సవరించుకున్నాడు. “బేటీ, క్రికెట్ స్కోరు పెట్టు.”

షాహెదా పేరు కొట్టింది. అనుమతి లేదు.

“నేను ఓనర్నని చెప్పు.”

“ఓనరైనా అంతే అబ్బాజాన్. ఆడపిల్లల గదిల క్రికెట్ లేదు.”

“ఒక్క స్కోరు! ఆట చూపెట్టుమంటున్ననా?” ఆయన వంగి స్వయంగా ఒక వేలితో మీట నొక్కాడు. తెల్లటి పలక కదల్లేదు. ఇంకోసారి నొక్కాడు. తర్వాత నడుం నిలబెట్టి, లలితమ్మ వైపు చూసి, ఓడిపోయిన మనిషిలా చేతులు చాచాడు.

లలితమ్మ కళ్లు తుడుచుకుంటూ లేచింది. “సాలు. నాకు ఇంకేం చూపించక్కర లేదు. ఇంటాయన మాట గూడ ఇననిది మా పిల్లల మాటేం ఇంటది? సోమవారం నుంచి పంపుత. కాకపోతే షాహెదా, దినాం పొద్దున తెరిచేది ఒకటి, తెరవనిది ఒకటి, రెండూ చూసుకున్నంకనే లోపలికి రానియ్యి.”

“రెండూ చూస్త మేడం. గడియారం గూడ.”

వాళ్లను సాగనంపడానికి షాహెదా ముందు గదిలోకి వచ్చింది. లలితమ్మ వెళ్తూ వెళ్తూ, అందరూ గాజుల మధ్య నుంచి దొంగల్లా ఎందుకు రావాలి, ఆ వెనక తలుపు దేనికుంది అని అడిగింది. గులాం రసూల్ గల్లా ముందు తన దిండు మీద కూర్చుని, గాజుల పెట్టె మూత పెట్టి, ఇద్దరినీ చూశాడు.

“సోమవారం ఆ తలుపు తెరుస్తం” అన్నాడు. “పేంటర్ చిన్నయ్యకు చెప్పి రోడ్డు దిక్కు బోర్డు పెట్టిస్త. నా పేరు వద్దు. షాహెదా పేరు రాయిస్త.”