పిస్కాటవేలో మా పెద్దమ్మాయి ఇల్లు

మొన్న ఉదయం ఇక్కడ నేపర్‌విల్‌లో మా ఎదురింటివాళ్లు ట్రక్కులోకి సామాను ఎక్కిస్తుంటే, కాఫీ చల్లారిపోతున్నా కిటికీ దగ్గరే నిలబడిపోయాను. వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చిందట, పిల్లలు అట్టపెట్టెల మీదెక్కి ఆడుకుంటున్నారు. ఈ దేశంలో ఊరు మారడం అందరికీ అంత తేలికే అనిపిస్తుంది. మాకు ఒక్క మార్పు ఎంత పని చేసిందో, ఇంట్లో మనిషి సాయం లేనిదే కదలలేని బిడ్డ ఉన్న నా ఈడువాళ్లకు ఎక్కువ వివరించనక్కర్లేదు.

మా పెద్దమ్మాయికి పుట్టుకతోనే కాళ్లు స్వాధీనంలో లేవు, చేతులు సగమే మాట వింటాయి. వీల్‌చెయిర్‌లోంచి మంచం మీదికి చేర్చాలన్నా, స్నానానికి తీసుకెళ్లాలన్నా మనిషి సాయం కావాలి. మాట నిదానమే గానీ బుద్ధి చురుకు. మేము న్యూజెర్సీలో ఉన్న రోజుల్లో, ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగాక, ఆమెకు సాయం చేసే మనిషి జీతం భరించడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ ధైర్యంతోనే అమ్మాయి పిస్కాటవేలో, మా ఇంటికి దగ్గర్లోనే, తన పేరు మీద చిన్న అపార్ట్‌మెంట్ తీసుకుంది. పొద్దున ఒకామె వచ్చి లేపి, స్నానం చేయించి, టిఫిన్ పెట్టి వెళ్లేది, సాయంత్రం మళ్లీ వచ్చేది. కర్టెన్లు ముదురు నారింజ రంగువి ఎంచుకుంది. నాకు నచ్చవని తెలిసే కొన్నదని మావారు నవ్వేవారు. ఆదివారం మమ్మల్ని భోజనానికి పిలిచి, మనవాళ్ల హోటళ్లుండే ఐసెలిన్ నుంచి బిరియానీ తెప్పించి, నేను గిన్నెలు కడగబోతే "అమ్మా, నువ్వు గెస్ట్‌వి, కూర్చో" అనేది. ఆ మాటకు ఉక్రోషమూ వచ్చేది, కడుపూ నిండేది.

అంతలో మావారు పనిచేసే మందుల కంపెనీ ల్యాబ్ మూసేశారు. ఆ వయసులో దొరికిన ఉద్యోగం ఇక్కడ, షికాగో పక్కన. ఇన్సూరెన్స్ కోసమైనా ఒప్పుకోక తప్పలేదు. అమ్మాయికొచ్చే సాయం కూడా వెంట వస్తుందనుకున్నాం గానీ, ఆ డబ్బు న్యూజెర్సీదేననీ, రాష్ట్రం దాటితే ఆగిపోతుందనీ, కొత్తచోట మళ్లీ అప్లై చేసి వరుసలో ఉండాల్సిందేననీ ఆమె కేసు చూసే కోఆర్డినేటర్ ఫోన్‌లో మెల్లగా చెప్పింది.

"మీరు వెళ్లండి నాన్నా. నేను ఇక్కడే ఉంటా. ఐ విల్ మేనేజ్" అంది అమ్మాయి.

కొన్నాళ్లు బాగానే గడిచింది. తర్వాత, పొద్దున వచ్చే ఆమె ఆ జీతంతో ఇల్లు గడవక గోడౌన్‌లో పనికి వెళ్లిపోయింది. ఆమెను తప్పు పట్టలేను. ఆమె బదులు ఏజెన్సీ పంపినవాళ్లెవరూ నిలవలేదు. మంచు కురుస్తున్న ఒకరోజు అసలెవరూ రాలేదు. ఇదివరకైతే అలాంటప్పుడు నేను పరుగెత్తేదాన్ని. ఫోను మంచం కింద పడిపోయింది. మధ్యాహ్నం దాటాక పక్క ఫ్లాట్ ఆవిడ అమ్మాయి కేక విని మేనేజర్ చేత తలుపు తీయించేదాకా, పిల్ల తడిసిన పక్క మీదే ఉంది. నేను విమానం దిగి వెళ్లేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. "ఐ యామ్ టయర్డ్ అమ్మా. మీతో వచ్చేస్తా" అంది. అంతకుమించి ఆ రోజు గురించి ఇప్పటికీ మాట్లాడదు.

ఇక్కడి వరుసలో ఏళ్లు పోయాయి. ఆ మధ్యలోనే మావారు పోయారు, నా మోకాళ్లు అరిగిపోయాయి, అయినా ఎత్తలేక ఎత్తలేక ఎత్తుతూ వచ్చాను. కిందటేడు సాయం మంజూరైందని ఫోన్ వచ్చింది. ఇంటికొచ్చిన కేస్‌వర్కర్, వేరే ఇంట్లో సొంతంగా ఉండాలనుందా అని అమ్మాయిని అడిగితే, ఔననాలని లోపల్లోపల కోరుకున్నాను. అక్కర్లేదని తల అడ్డంగా ఊపింది. ఆవిడ వెళ్లాక నాతో నెమ్మదిగా "ఎవరూ రాకపోతే, అమ్మా?" అంది. నేనెన్నాళ్లుంటానని చెప్పను?

ఇప్పుడు రోజూ ఒకామె మా ఇంటికే వస్తుంది. ఓపికగల మనిషి. ఆ రోజుల్లో మాకు లేని సదుపాయాలెన్నో వచ్చాయి, బటన్ నొక్కితే మంచమే లేస్తుంది, నా నడుముకు కాస్త విశ్రాంతి దొరికింది. ఏ డ్రెస్ వేయమంటావు, టిఫిన్‌కి ఏం కావాలి అని ఆమె అడిగినప్పుడల్లా, మా అమ్మాయి జవాబు చెప్పే ముందు నా మొహంలోకి చూస్తుంది. ఇదివరకు అలా చూసేది కాదు.