సోమవారం రోడ్డు

లీయాన్ చేతులు ఎప్పుడూ లవంగ నూనె వాసన కొడుతుంటాయి. ప్రతి శనివారం ఆమె స్టూలెక్కి, అద్దె ఇంటి పడకగది గోడకు పట్టిన నల్లటి చెమ్మ బూజును ఆ నూనెతో తుడుస్తుంది. వానలు పడితే బూజు మళ్లీ వస్తుంది, దాని వెనకే కూతురు టిల్లీ ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. ఆస్పత్రి మాత్రం రెండు వీధుల అవతలే.

మెల్బోర్న్ పడమటి అంచున, గడ్డి బీళ్లలో వేసిన కొత్త కాలనీలో ఆమె డబ్బుకు అందే ఇల్లొకటి అమ్మకానికి ఉంది. ఆదివారం టిల్లీతో వెళ్లి, గోడలకు ముక్కు ఆనించి వాసన చూసింది. "ఇల్లు కొంటున్నావా, పుచ్చకాయ కొంటున్నావా అమ్మా?" అని నవ్వాడు అమ్మే మనిషి. ఆస్పత్రి ఎంత దూరమని అడిగితే, "అరగంట. కళ్లు మూసుకుని వెళ్లొచ్చు" అన్నాడు. టిల్లీ ఖాళీ గదుల్లో పరిగెత్తింది. ఒక్క కూత వినపడలేదు.

సోమవారం పొద్దున లీయాన్ పనికి సెలవు పెట్టి, పిల్లను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, ఎంతసేపు పడుతుందో చూద్దామని ఆ ఇంటి గుమ్మం నుంచి ఆస్పత్రికి బయల్దేరింది. కాలనీ దాటడానికి ఒకటే రోడ్డు. మలుపు తిరగ్గానే కార్లు ఆగిపోయి ఉన్నాయి. పక్క ట్రక్కులోని పనివాడు అద్దం దించాడు. "కొత్తా అక్కా? రేపట్నుంచి టిఫిను కార్లోనే పెట్టుకో." అరగంట గడిచి, రేడియోలో అవే వార్తలు రెండోసారి వచ్చాయి.

"అమ్మా, ఇల్లు ఇంకా కనపడుతోంది" అంది టిల్లీ, వెనక్కి చూస్తూ.

ఆ రోజు శనివారం కాకపోయినా, అద్దె ఇంటికి రాగానే లీయాన్ లవంగ నూనె సీసా తీసుకుని స్టూలెక్కింది.